ఒక కోటు, ఒక టోపీ, రెండు చలికాలాలు: స్టాక్‌హోమ్ లివ్రుస్ట్‌కమ్మరెన్ మ్యూజియం సమీక్ష

స్టాక్‌హోమ్ రాజభవనం దక్షిణపు గోడ పక్కన స్లోట్స్‌బాకెన్ అనే వాలు వీధి ఉంది. ఆ వీధిలోని ద్వారం దాటి మెట్లు దిగితే, భవనం కింది నేలమాళిగల్లో లివ్రుస్ట్‌కమ్మరెన్ అనే మ్యూజియం కనిపిస్తుంది. రాజు స్వంత ఆయుధాల గది అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. 1628లో స్థాపించిన ఈ సంస్థను స్వీడన్‌లోని అత్యంత పురాతనమైన మ్యూజియంగా పరిగణిస్తారు. ఉద్యోగరీత్యా ఈ ఊరిలో ఉంటున్న నేను ఇంతకు ముందు రెండు సార్లు ఇక్కడికి వెళ్లాను. ఈసారి ఇక్కడే ఎం.ఎస్. చదువుతున్న మా అక్క కొడుకును వెంటబెట్టుకుని, నవంబర్ చివరి వారంలో, మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడే రోజుల్లో వెళ్లాను. ఆ కాలాన్ని కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే నేను చూపించదలచుకున్న వస్తువులు అలాంటి చీకట్లోనే, అలాంటి చలిలోనే చరిత్రలోకి వచ్చాయి.

ఆ వస్తువులు పన్నెండవ చార్లెస్ రాజు చనిపోయిన రాత్రి ధరించిన దుస్తులు. స్వీడన్ వాళ్లు ఆయనను కార్ల్ అంటారు. బంగారు జరీ గానీ పతకాలు గానీ లేని సాదా నీలిరంగు సైనిక కోటు, మోకాళ్ల దాకా వచ్చే బరువైన బూట్లు, నెత్తుటి మరకలున్న చేతి తొడుగులు, గుండు దూసుకుపోయిన రంధ్రం కనిపించే నల్లటి టోపీ అక్కడ ఉన్నాయి. 1718 నవంబర్ 30 రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య, నార్వే సరిహద్దులోని ఫ్రెడ్రిక్‌స్టెన్ కోటను ముట్టడిస్తూ, కందకం గట్టు మీదుగా తల ఎత్తి కోట వైపు చూస్తుండగా ఆయన కణతకు గుండు తగిలింది. అది అప్పటి స్వీడన్ క్యాలెండర్ తేదీ. ఇప్పటి లెక్కలో డిసెంబర్ 11 అవుతుంది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఆరు. పెళ్లి కాలేదు, వారసుడు లేడు.

మ్యూజియం చేసిన గొప్ప పని ఏమిటంటే, ఈ దుస్తులను శుభ్రం చేసి మెరిపించే ప్రయత్నం చేయకుండా, మట్టితో, మరకలతో, ఉన్నవి ఉన్నట్టుగా మన ముందు నిలబెట్టడం. పాత వస్త్రాలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి గదులు మసక వెలుతురులో ఉంటాయి. లోపలికి వెళ్లగానే కళ్లు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది, ఆ తరువాత మాత్రం ఆ మసకతనమే ఈ గదికి తగిన వెలుతురు అనిపిస్తుంది. వివరణ పలకలు స్వీడిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, క్లుప్తంగా ఉన్నాయి. గుండు ఎవరు పేల్చారన్న విషయంలో మూడు వందల ఏళ్లుగా సాగుతున్న వాదన తెలిసినవారికి ఆ క్లుప్తత ఎంత విలువైనదో అర్థమవుతుంది. ఆ వాదన తేల్చడానికి రాజు శవపేటికను 1746లో, 1799లో, 1859లో, 1917లో తెరిచి చూశారు. మామూలు గుండుకు చావని రాజును చంపడానికి ఆయన కోటు గుండీనే గుండుగా మార్చి సొంత మనిషే కాల్చాడని ఒక జానపద కథ ఉంది. అదే ఆ గుండీ అని చెప్పే ఒక వస్తువు వర్‌బెర్గ్ కోటలోని మ్యూజియంలో ఉంది. 2022లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రయోగాలు చేసి, అది ఇరవై మిల్లీమీటర్లకు మించిన ఇనుప గుండు అయి ఉండవచ్చని, అంటే కోట నుంచి ఫిరంగితో వెదజల్లిన గుండ్లలో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువని చెప్పారు. నాకు ఆ ముగింపే సబబుగా తోస్తుంది, అయితే ఈ సమీక్షలో నా ఆసక్తి గుండు పేల్చిన చేతి మీద కాదు.

టోపీ ముందు చాలాసేపు నిలబడిన మా మేనల్లుడు, "మామయ్యా, ఆ క్షణంలో ఆయన తల కిందికి దించి ఉంటే ఏమయ్యేది?" అని అడిగాడు. ఇక్కడ నిలబడిన ప్రతివారూ దాదాపు ఇదే ప్రశ్న వేసుకుంటారు. నేను కూడా మొదటిసారి వచ్చినప్పుడు ఇదే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఇది చిన్న ప్రశ్న అని నమ్ముతున్నాను. 1718 నాటికి స్వీడన్ పద్దెనిమిదేళ్లుగా యుద్ధంలో ఉంది. ఖజానా ఖాళీ అయింది. మంత్రి గోర్ట్స్ రాగి నాణేల మీద వెండి విలువ ముద్రించి చలామణిలో పెట్టాడు. ఓలాండ్ దీవుల్లో రష్యాతో సంధి సంప్రదింపులు అప్పటికే నడుస్తున్నాయి. చార్లెస్ బతికి ఉంటే ఫ్రెడ్రిక్‌స్టెన్ కోట కొద్ది రోజుల్లో లొంగేది, ఎందుకంటే దాని ముందున్న గిల్డెన్‌లోవే అనే చిన్న కోట అప్పటికే స్వీడన్ చేతికి చిక్కింది. ఆ తరువాత నార్వేలో కొంత భాగం దక్కించుకుని, దాన్ని చూపి బాల్టిక్ తీరంలో కొంత బేరం ఆడి ఉండేవాడు. అయితే రష్యా చక్రవర్తి జార్ పీటర్ అప్పటికే ఆ తీరంలో స్థిరపడిపోయాడు కాబట్టి, ఒకటి రెండు చలికాలాల ఆలస్యంతో ఇంచుమించు అదే చోటికి చేరేవారని నా అంచనా.

ఒక్క విషయంలో మాత్రం ఆ గుండు వెంటనే వేల ప్రాణాలను తాకింది. రాజు చనిపోగానే ఆయన బావ, హెస్సే యువరాజు ఫ్రెడరిక్, ముట్టడి ఆపించాడు. యుద్ధం కోసం తెచ్చిన సొమ్ము పెద్ద అధికారులకు పంచిపెట్టారు. ఉత్తరాన ట్రోండ్‌హైమ్ వైపు వెళ్లిన జనరల్ ఆర్మ్‌ఫెల్ట్ సైన్యం, అందులో ఎక్కువమంది ఫిన్లాండ్ వాళ్లు, వార్త తెలిశాక కొండలు దాటి ఇంటిదారి పట్టింది. 1719 కొత్త సంవత్సరం రోజుల్లో టీడాల్ కొండల మీద మంచు తుపాను వాళ్లను చుట్టుముట్టింది. కాళ్ల కింద నిప్పు రాజేయడానికి తుపాకీ మడమల కర్రలు తప్ప ఇంకేమీ లేని ఆ మైదానంలో సుమారు 3,000 మంది గడ్డకట్టి చనిపోయారు. తల కొంచెం దించి ఉంటే అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఈ మనుషుల దగ్గర ఉంది. లివ్రుస్ట్‌కమ్మరెన్ రాజకుటుంబపు వస్తువుల కోసం ఏర్పడిన సంస్థ కాబట్టి సైనికుల కోట్లను ఇక్కడ ఆశించడం న్యాయం కాదు. ఆ లోటు తీరాలనుకునేవారు అదే రోజు ఓస్టర్‌మాల్మ్‌లోని సైనిక మ్యూజియానికి కూడా వెళ్లాలని నా సలహా.

పెద్ద ప్రశ్న ఇంకా పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్తే ఎదురవుతుంది. ఇప్పటి క్యాలెండర్ ప్రకారం 1700 నవంబర్ 30న నార్వా కోట బయట యుద్ధం జరిగింది. ఈ నార్వా ఇప్పుడు ఎస్టోనియాలో, రష్యా సరిహద్దు మీద ఉంది. దాదాపు 10,000 మంది ఉన్న స్వీడన్ సైన్యం, కోటను ముట్టడించి కూర్చున్న 30,000 మందికి పైగా రష్యా సైనికుల మీద పడింది. పశ్చిమం నుంచి వచ్చిన మంచు తుపాను రష్యావారి కళ్లలోకి నేరుగా కొట్టింది. పద్దెనిమిదేళ్ల చార్లెస్ ఆ రోజు గుర్రంతో సహా బురదలో కూరుకుపోయి, ఒక బూటు పోగొట్టుకుని, వేరే గుర్రమెక్కి పోరాడాడు. యుద్ధం ముగిశాక ఆయన మెడకు చుట్టిన వస్త్రం మడతల్లో చల్లారిన తుపాకీ గుండు ఒకటి దొరికిందని చెబుతారు. ఆ గుండుకు ఇంకాస్త బలం ఉండి ఉంటే? ఈ గాజు పెట్టెలోని కోటు ముందు నిలబడి వేసుకోవలసిన ప్రశ్న ఇదని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నకు సగం జవాబు అదే మ్యూజియంలో, కొద్ది అడుగుల దూరంలో ఉంది. అందుకే ఈ స్థలం నాకు ఇంత ఇష్టం. చార్లెస్ కంటే ముందుతరాల రాజు గుస్తావ్ అడాల్ఫ్ 1632 నవంబర్‌లో, లైప్‌జిగ్ దగ్గర లుట్జెన్ అనే చోట, పొగమంచులో తన దళానికి దూరమై చనిపోయాడు. అప్పుడాయన వేసుకున్న దుప్పి తోలు కోటు ఇక్కడే ఉంది. ఆయన స్వారీ చేసిన స్ట్రైఫ్ అనే గుర్రం చర్మాన్ని నింపి నిలబెట్టిన బొమ్మ కూడా ఉంది. ఆ కోటును శత్రువులు విజయచిహ్నంగా వియన్నాకు పట్టుకుపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత స్వీడన్ అందించిన సహాయానికి కృతజ్ఞతగా ఆస్ట్రియా దాన్ని 1920లో తిరిగి ఇచ్చింది. ఇంకో వివరం నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది. 1627లో పోలండ్ మీద జరిపిన దండయాత్రలో గుస్తావ్ అడాల్ఫ్ గాయపడ్డాడు, అప్పటి గుండు ఒకటి భుజం దగ్గర అలాగే ఉండిపోయింది. గాయపడినప్పటి దుస్తులను శాశ్వత జ్ఞాపకంగా భద్రపరచమని ఆయనే ఆదేశించాడు, ఈ మ్యూజియం అలా పుట్టింది. అదే గుండు నొప్పి వల్ల ఆయన ఇనుప కవచం తొడుక్కోలేక తోలు కోటుతో లుట్జెన్ యుద్ధానికి వెళ్లాడు. మ్యూజియం పుట్టుకకూ, మ్యూజియంలోని అతి ముఖ్యమైన కోటు మీది రంధ్రాలకూ కారణం ఒకటే గుండు.

లుట్జెన్ మనకు చెప్పేది ఇది: రాజు పడిపోయిన తరువాత కూడా సైన్యం పారిపోలేదు, సాక్సే వైమార్ బెర్న్‌హార్డ్ నాయకత్వంలో పోరాడి ఆ మైదానాన్ని నిలబెట్టుకుంది. ఇంట్లో వారసురాలు క్రిస్టీనాకు ఇంకా ఆరేళ్లు కూడా నిండలేదు. అయినా ఛాన్సలర్ ఆక్సెల్ ఉక్సెన్‌షేర్నా రాజ్యాన్ని నడిపించాడు, ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 సంధిలో స్వీడన్ గెలిచినవారి వైపు కూర్చుంది. ఇదే కొలతతో నార్వాను కొలిస్తే, అక్కడ చార్లెస్ పడిపోయినా యుద్ధం గెలిచే అవకాశం బలంగానే ఉండేది, ఎందుకంటే పథకం వేసి నడిపించిన అనుభవజ్ఞుడు రేన్‌షోల్డ్ పక్కనే ఉన్నాడు, తుపాను కూడా వాళ్ల వైపే ఉంది. సింహాసనం అప్పుడు రాజు పెద్ద అక్క హెడ్విగ్ సోఫియా వైపు వెళ్లేది. ఆమె కొడుకు కార్ల్ ఫ్రెడరిక్ ఆ నవంబర్ నాటికి సరిగ్గా ఏడు నెలల పసివాడు. పసిరాజు ఉన్న ఇంట్లో పెత్తనం ముత్తవ్వ హెడ్విగ్ ఎలియొనోరా చేతికి వచ్చేది. ఆమె అప్పటికే రెండు సార్లు రాజప్రతినిధి మండలికి నాయకత్వం వహించిన అరవై నాలుగేళ్ల మనిషి. వృద్ధ ఛాన్సలర్ బెంక్ట్ ఉక్సెన్‌షేర్నా శాంతి వైపు మొగ్గినవాడు. ఇలాంటి ఇల్లు, ఊయలలో పసివాణ్ణి పెట్టుకుని, పోలండ్ రాజును గద్దె దించడానికి ఆరేళ్లపాటు సైన్యాన్ని ఊరూరా తిప్పుతుందని నేను అనుకోను. చార్లెస్ చేసింది అదే. ఆ ఆరేళ్లలోనే పీటర్ ఊపిరి పీల్చుకుని, సైన్యాన్ని కొత్తగా కట్టుకుని, 1703లో స్వీడన్ నేల మీదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పునాది వేశాడు.

ఇక్కడ నన్ను నేను అదుపులో పెట్టుకోవాలి. రాజు ముందే చనిపోతే అంతా మంచే జరిగేదని చెప్పడం తేలిక. పీటర్‌కు సముద్ర తీరం కావాలన్న పట్టుదల చార్లెస్ మీద కోపంతో పుట్టింది కాదు. ఆయన మళ్లీ వచ్చేవాడు, పసిరాజు మండలి నేవా నదీ ముఖద్వారాన్ని ఏదో ఒక సంధిలో వదులుకునేది. అయితే 1708–09 నాటి భయంకరమైన చలికాలంలో, పక్షులు గాలిలోనే గడ్డకట్టి రాలిపోయాయని చెప్పుకునే ఆ చలిలో, సైన్యాన్ని యుక్రెయిన్ మైదానాల్లో నిలబెట్టే రాజు ఉండేవాడు కాదు. వెప్రిక్ అనే చిన్న కోట గోడల మీద నీళ్లు పోసి మంచుగా మార్చి రష్యావారు కాపాడుకుంటుంటే, దాన్ని ఎక్కబోయి చనిపోయిన స్వీడన్ సైనికులు బహుశా తమ పొలాల్లో ఉండేవారు. 1709లో పోల్తావా దగ్గర రష్యా చేతిలో ఓటమి, ఆ వెంటనే పెరెవొలోచ్నాలో మిగిలిన సైన్యపు లొంగుబాటు జరిగి ఉండేవి కావు. ఇంకొక ఊహ కూడా ఉంది. ఆ 1708–09 చలికాలంలోనే చార్లెస్ చనిపోయి ఉంటే అన్నది. దాన్ని త్వరగానే పక్కన పెట్టవచ్చు. అప్పటికే సరుకుల బండ్లు లెస్నాయా దగ్గర పోయాయి, సైన్యం ఇంటికి వందల కోసుల దూరంలో చిక్కుకుంది. రాజు లేకపోతే లొంగుబాటు కొన్ని నెలల ముందు జరిగేది, అంతే.

నార్వాలో చావు కలిగించే మార్పు స్వీడన్‌తో ఆగదు. నిజ చరిత్రలో సింహాసనం దక్కని కార్ల్ ఫ్రెడరిక్ రష్యా ఆస్థానంలో ఆశ్రయం వెతుక్కుని, 1725లో పీటర్ కూతురు అన్నాను పెళ్లాడాడు. వాళ్ల కొడుకే తరువాత రష్యా చక్రవర్తి మూడవ పీటర్. అతని భార్య, భర్తను దించి గద్దెనెక్కిన కేథరీన్. మెడ వస్త్రంలో ఆగిపోయిన ఆ గుండు ఆగకుండా ఉంటే, కార్ల్ ఫ్రెడరిక్ స్వీడన్ రాజుగా పెరిగేవాడు, ఆ పెళ్లి అవసరం పడేది కాదు, కేథరీన్ ఒక చిన్న జర్మన్ సంస్థానపు రాకుమారి సోఫీగానే మిగిలిపోయేది. ఈ గొలుసు చెప్పినప్పుడు మా వాడు కాసేపు లెక్కపెట్టుకుని, "అంటే మామయ్యా, టోపీకి ఉన్న రంధ్రం కంటే మెడబట్టలో ఆగిన గుండే పెద్దదన్నమాట" అన్నాడు. నేను ఇంతసేపూ వెతుకుతున్న మాట వాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

అయితే నష్టం కూడా చెప్పాలి. 1718లో వారసుడు లేని రాజు చనిపోవడం వల్లే, చెల్లెలు ఉల్రికా ఎలియొనోరా రాణి కావాలంటే నిరంకుశాధికారం వదులుకోవాలని స్వీడన్ చట్టసభ షరతు పెట్టగలిగింది. 1719 నుంచి 1772 దాకా స్వీడన్‌లో రాజు కంటే సభలకు ఎక్కువ బలం ఉంది. 1766లో పత్రికా స్వేచ్ఛను చట్టంగా రాసుకున్నది ఆ కాలంలోనే. 1700లోనే పసిరాజు గద్దెనెక్కి ఉంటే, తాత పదకొండవ చార్లెస్ కట్టిన నిరంకుశ యంత్రాంగం యథాతథంగా సాగి ఉండేది, దాన్ని కూల్చేంత కోపం ఎవరికీ వచ్చేది కాదు. అంటే వేల మంది రైతుబిడ్డలు బతికేవారు, ఒక స్వేచ్ఛ ఆలస్యంగా వచ్చేది. ఏది మేలో నేను చెప్పలేను. టీడాల్ గురించి చదివినప్పుడు ఒక జవాబు వస్తుంది, 1766 చట్టం గురించి చదివినప్పుడు ఇంకొకటి వస్తుంది.

మళ్లీ మ్యూజియం సంగతికి వస్తే, నాకున్న ఒకే ఒక కోరిక ఈ రెండు రాజుల దుస్తులనూ కలిపి చూపించే ఒక నడక, లుట్జెన్ నుంచి నార్వా మీదుగా ఫ్రెడ్రిక్‌స్టెన్ దాకా, ఉంటే బాగుంటుందన్నది. సందర్శకుడు ఆ నడకను తనకు తానే కట్టుకోవాలి. 1792లో ముసుగు నాట్యంలో తుపాకీ దెబ్బ తిన్న మూడవ గుస్తావ్ దుస్తులు, పట్టాభిషేకాలకు వాడిన బంగారు రథాలు కూడా చూడదగినవే. పిల్లలతో వెళ్లేవారికి రథాలే ముందు నచ్చుతాయి. చరిత్ర కోసం వెళ్లేవారు మాత్రం రెండు గంటలు పెట్టుకుని, వారం మధ్యలో ఉదయాన్నే వెళ్లి, రథాల్ని చివరకు వదిలేయాలి. గమ్లా స్తాన్ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక సరిపోతుంది. టికెట్ వివరాలు, పనివేళలు కాలాన్ని బట్టి మారుతాయి కాబట్టి బయలుదేరే ముందు మ్యూజియం సైటులో చూసుకోవాలి.

బయటికి వచ్చాక వంతెన దాటి కుంగ్‌స్ట్రేడ్‌గార్డెన్ ఉద్యానవనం వైపు నడిచాం. అక్కడ 1868లో, రాజు మరణించి నూట యాభై ఏళ్లు నిండిన రోజున నిలబెట్టిన చార్లెస్ విగ్రహం ఒక చేత్తో కత్తి పట్టుకుని, ఇంకో చేత్తో తూర్పుకు, రష్యా వైపుకు చూపిస్తోంది. వీధి దీపాలు వెలిగాయి, సన్నగా మంచు మొదలైంది. మా వాడు విగ్రహం మెడ వైపు చూస్తూ, అక్కడ వస్త్రం చెక్కారా లేదా అని దగ్గరికి వెళ్లి వెతికాడు.